పాత బండి ఇండికేటర్: ఒక ఫిర్యాదుకు ప్రతిపద వ్యాఖ్య

పాత కారును ఎలక్ట్రీషియన్ దగ్గరికి తెచ్చేవాళ్ళు రోగం పేరు చెప్పలేరు. ఏం జరుగుతోందో మాత్రం చెబుతారు. కావలసింది అదే. ఇండికేటర్ల విషయంలో ఇది మరీ నిజం. ఏ పక్క, ఎంత వేగంగా, పగలా రాత్రా, ఏది వేస్తే ఏది ఆరుతోంది అన్నవి విడివిడిగా వింటే స్క్రూడ్రైవరు చేతికి తీసుకోకముందే సగం పని అయిపోతుంది. అలా వినకపోవడం వల్లే దీపాన్ని కొట్టించే ఫ్లాషర్లు బాగున్నా చెత్తబుట్టలోకీ, కొత్తవి బండిలోకీ వెళుతుంటాయి. లోపం ఉన్నచోటే ఉంటుంది. విజయవాడ ఆటోనగర్లో అయినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అయినా వినబడే తీరు ఫిర్యాదు ఒకటి మూలంగా పెట్టుకుని, మాటమాటకూ వ్యాఖ్య రాస్తున్నాను.

మూలం

“అన్నా, మారుతీ ఎయిట్ హండ్రెడ్, పాత బండి. ఎడమ ఇండికేటర్ వేస్తే టకటకా తొందరగా కొడుతోంది. కుడి పక్క వేస్తే వెనకాల మసగ్గా వెలుగుతోంది, దాంతోపాటు ఎర్ర లైటు కూడా కొడుతోంది. రాత్రి లైట్లు వేస్తే అదీ సరిగ్గా కనిపించట్లేదు. ఒక్కోసారి రెండు పక్కలా ఏమీ రాదు, హజార్డ్ నొక్కితే మాత్రం రెండూ కొడతాయి. మొన్న ఫ్లాషర్ మార్పించా. అయినా అంతే.”

“పాత బండి”

మారుతీ 800 తొలి కారు 1983 డిసెంబరులో యజమాని చేతికి వెళ్ళింది. తయారీ 2014 జనవరిలో ఆగింది. కాబట్టి ఇవాళ ఎంత కొత్త 800 అయినా పదేళ్ళు దాటిన బండే. అన్నేళ్ళలో రాగి తీగకు పెద్దగా ఏమీ కాదు. పాడయ్యేవి అతుకులు. కప్లర్లోని ఇత్తడి పిన్నుకు చిలుము పడుతుంది. హోల్డర్లోని స్ప్రింగు వేడికి బిగువు కోల్పోతుంది. బాడీకి బిగించిన ఎర్త్ స్క్రూ కింద తుప్పు పేరుకుంటుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు బళ్ళకు ఉప్పుగాలి వల్ల ఇదంతా ఇంకా ముందే జరుగుతుంది. అందుకే పాత బండి ఇండికేటర్ ఆగితే ఏ భాగం పోయిందని కాకుండా ఏ అతుకు వదిలిందని ముందు అడగాలంటాను. కింద రాసేదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

ఇప్పటి కార్లలో ఇండికేటర్‌ను కంప్యూటరు కొట్టిస్తుంది, లోపం తెలియాలంటే స్కానర్ పెట్టాలి. పాత బండిలో ఆ బాధ లేదు. ఒక టెస్ట్ ల్యాంపు, రెండు మూరల వైరు, గరుకు కాగితం ముక్క ఉంటే ఇంటి ముందే పట్టుకోవచ్చు.

“ఎడమ ఇండికేటర్ వేస్తే”

కరెంటు నడిచే దారి ఒకసారి చూద్దాం. బ్యాటరీ నుంచి ఇగ్నిషన్ తాళానికి, అక్కణ్ణుంచి ఫ్యూజుకు, ఫ్యూజు నుంచి హజార్డ్ స్విచ్ గుండా ఫ్లాషర్‌కు, ఫ్లాషర్ నుంచి స్టీరింగ్ దగ్గరున్న కాంబినేషన్ స్విచ్‌కు వస్తుంది. బండిని బట్టి చిన్న తేడాలుండొచ్చు గానీ వరస మాత్రం దాదాపు ఇదే. ఆ స్విచ్ కాడ ఎటు వేస్తే ఆ పక్క బల్బులకు వెళ్ళి, బల్బు దాటాక బాడీ ఇనుము గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేరుతుంది. ఈ తిరుగుదారినే ఎర్త్ అంటారు.

ఇక్కడ కాడే కీలకం. కాడకు ముందున్నది ఏది చెడినా రెండు పక్కలూ చెడాలి. కాడ దాటాక ఉన్నది చెడితే ఆ ఒక్క పక్కే చెడుతుంది. యజమాని “ఎడమ” అన్నాడు, ఆ పక్క తీరు వేరే అన్నాడు. ఆ మాటతోనే ఫ్యూజూ ఫ్లాషరూ ఈ నేరం నుంచి బయటపడ్డాయి. కాడ లోపలి ఎడమ కాంటాక్టు నుంచి ఎడమ బల్బుల ఎర్త్ దాకా ఉన్న దారే ఇక వెతకాలి.

“టకటకా తొందరగా కొడుతోంది”

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 102వ నియమం ప్రకారం ఇండికేటర్ రంగు ఆంబర్ అయి ఉండాలి, నిమిషానికి 60 సార్లకు తగ్గకుండా, 120కి మించకుండా కొట్టాలి. వాచీ పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెట్టండి. పదిహేను నుంచి ముప్ఫై మధ్య వస్తే సరిగ్గా ఉన్నట్టు. ముప్ఫై దాటిందంటే బండి ఏదో చెబుతోంది.

చెప్పేది ఇదీ: ఆ పక్క ఒక బల్బు కరెంటు తీసుకోవడం లేదు. ముందొకటి, వెనకొకటి 21 వాట్ల బల్బులు, ఫెండర్ మీద చిన్నది ఉంటే అదొక 5 వాట్లు. 12 వోల్టుల మీద ఒక్కో 21 వాట్ల బల్బు సుమారు 1.75 ఆంపియర్లు లాగుతుంది. అన్నీ కలిపితే నాలుగు ఆంపియర్లకు కాస్త తక్కువ. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ తన గుండా పోతున్న ఈ కరెంటును కనిపెట్టుకుని ఉంటుంది. సగానికి సగం తగ్గిందనుకోగానే వేగం ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. సీట్లో కూర్చున్నవాడికి వెనక దీపం కనిపించదు కాబట్టి వినిపించేలా పెట్టిన ఏర్పాటు ఇది. దీన్ని ఫ్లాషర్ జబ్బు అనుకోవడం కంటే పెద్ద పొరపాటు ఇండికేటర్ల రిపేరులో ఇంకోటి లేదు. హెచ్చరిస్తున్నదాన్నే పీకి పారేస్తున్నాం.

కాడ ఎడమకు వేసి, దిగి చుట్టూ తిరిగి చూడండి. ముందుది వెలగట్లేదనుకుందాం. బల్బును లోపలికి నొక్కి ఎడమకు తిప్పితే బయటికి వస్తుంది. వెలుతురుకు పట్టుకుని చూస్తే ఫిలమెంటు తెగిందో లేదో తెలుస్తుంది. గాజు లోపల నల్లబడి ఉంటే తెగకపోయినా దాని రోజులు దగ్గరపడ్డట్టే. అనుమానంగా ఉంటే కుడి పక్క బల్బు తీసి ఇక్కడ పెట్టండి. అది ఇక్కడ వెలిగిందా, పోయింది బల్బే. అదీ వెలగకపోతే లోపం హోల్డర్లోనో వైరులోనో ఉంది. డబ్బు ఖర్చు లేని పరీక్ష, ఎప్పుడూ అబద్ధం చెప్పదు.

హోల్డర్ లోపలికి టార్చి వేసి చూడండి. అడుగున చిన్న ఇత్తడి నాలుక, దాని కింద స్ప్రింగు. బల్బు అడుగున సీసపు బొడిపె. ఏళ్ళ తరబడి ఒకే చోట ఒత్తుకుని ఆ బొడిపె పలచబడుతుంది, నాలుక మీద నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చే చాలు కరెంటును ఆపడానికి. బ్యాటరీ మైనస్ తీసి, సన్న గరుకు కాగితంతో నాలుకనూ గోడలనూ మెరిసేదాకా రుద్ది, నాలుకను కాస్త పైకి లేపితే చాలా బళ్ళు అక్కడికక్కడే బాగవుతాయి.

బల్బు కొత్తది కొన్నప్పుడు పీఠం మీద రాసింది చదవాలి. 21 వాట్ల చోట 10 వాట్లది పెట్టినా వెలుగుతుంది, ఫ్లాషర్ మాత్రం టకటకలాడుతూనే ఉంటుంది. బ్రేకుకూ టెయిల్‌కూ కలిపి వాడే 21/5 బల్బు ఇంకోరకం. దాని రెండు చెవులు ఎత్తు తేడాగా ఉంటాయి, ఇండికేటర్ బల్బుకు సమానంగా ఉంటాయి. ఒక చెవి ఆకురాయితో అరగదీసి ఇరికించినవి చూస్తుంటాం. అలా పెట్టినచోట ఏ వెలుగు ఎటు పోతుందో చెప్పలేం.

“వెనకాల మసగ్గా వెలుగుతోంది, దాంతోపాటు ఎర్ర లైటు కూడా కొడుతోంది”

మొత్తం ఫిర్యాదులో నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట ఇది. చెప్పినవాడికి తెలియకుండానే ఎర్త్ పోయిందని చెప్పేశాడు. ఇక ఏ పరీక్షా అక్కర్లేదన్నా తప్పు లేదు.

వెనక దీపాల గూడులో ఇండికేటర్, బ్రేకు, టెయిల్ ల్యాంపులకు వెళ్ళే వైర్లు వేరు, తిరిగి వచ్చే ఎర్త్ ఒక్కటే. ఇండికేటర్ ఫిలమెంటు దాటిన కరెంటు ఆ ఉమ్మడి ఎర్త్ దగ్గరికి వస్తుంది. అక్కడ తుప్పు. ముందు గుమ్మం మూసి ఉంటే దొడ్డిదారి పట్టినట్టు, అది పక్కనున్న టెయిల్ ల్యాంపు ఫిలమెంటు గుండా వెనక్కి నడుస్తుంది. టెయిల్ వైరు పట్టుకుని ఎడమ పక్క టెయిల్ ల్యాంపుకూ, ముందున్న పార్కింగ్ బల్బులకూ పోయి, వాటి మంచి ఎర్త్ దగ్గర దిగుతుంది. ఇంత చుట్టు తిరిగే కరెంటు ఎంతని ఉంటుంది? అందుకే ఇండికేటర్ మసక. దారిలో ఉన్న టెయిల్ ఫిలమెంటు 5 వాట్లదే కాబట్టి ఆ కాస్తకే అది వెలిగిపోతుంది. ఎర్ర లైటు కొట్టడమంటే ఇదే.

“రాత్రి లైట్లు వేస్తే” అన్న మాట దీనికే సాక్ష్యం. లైట్లు వేయగానే టెయిల్ వైరులోకి 12 వోల్టులు వస్తాయి. ఆ దొడ్డిదారి కూడా మూసుకుపోతుంది. రెండు ఫిలమెంట్లకూ పైనుంచి కరెంటు ఉంది, దిగే చోటు లేదు. ఎర్త్ పూర్తిగా తెగి ఉంటే ఇండికేటర్ వెలగాల్సిన క్షణంలో టెయిల్ ల్యాంపు ఆరుతుంది, ఇండికేటర్ అసలు వెలగదు. ప్రమాదం ఎక్కడుందో చూడండి. పగలు ఎంతోకొంత కనిపించే దీపం, చీకట్లో వెనక లారీ వస్తున్నప్పుడే కనబడకుండా పోతోంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ సన్నగా వెలగడం కూడా ఇదే కుటుంబం.

ఎర్త్ పూర్తిగా తెగనక్కర్లేదు, సగం పోయినా చాలు. 21 వాట్ల బల్బు వెలిగేటప్పుడు దాని నిరోధం సుమారు 7 ఓములు. తుప్పు వల్ల దారిలో 2 ఓములు చేరాయనుకోండి. 12 వోల్టుల్లో బల్బుకు దక్కేది 9 చిల్లర. వెలుతురు వోల్టేజీతో సమానంగా కాకుండా అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి మిగిలేది సగం కంటే తక్కువ. 2 ఓములంటే కంటికి కనిపించే తెగుదల కాదు, స్క్రూ కింద గోధుమరంగు పొర అంతే.

మల్టీమీటర్ ఇక్కడే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. బల్బు తీసేసి హోల్డర్లో మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది, “కరెంటు వస్తోంది, వైరింగ్ బాగుంది” అంటారు. మీటరు లాగే కరెంటు లేనట్టే లెక్క. ఒక్క పోగు మీద వేలాడుతున్న తీగ కూడా దానికి పూర్తి 12 ఇవ్వగలదు. బల్బు పెట్టి, వెలిగించి కొలవాలి. మీటరు నల్ల కాడ బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర కాడ బల్బు పీఠం మీద పెట్టి, దీపం వెలిగే క్షణంలో ముల్లు చూడండి. 0.2 వోల్టుల లోపుంటే ఎర్త్ మంచిది. ఒకటి, రెండు, మూడు అని చూపిస్తే ఆ వోల్టులన్నీ బల్బు నుంచి దొంగిలించినవే. మీటరు లేనివాళ్ళు ఒక వైరు ముక్కను బల్బు పీఠానికీ, డిక్కీలో రంగు గీకిన ఇనుముకూ ఆనించి చూడొచ్చు. దీపం ఒక్కసారిగా కళకళలాడితే తీర్పు వచ్చినట్టే.

రిపేరు చెప్పుకోదగ్గది కాదు. ఎర్త్ స్క్రూ తీసి, కింద ఇనుము మెరిసేదాకా గీకి, వైరు కొనకున్న రింగును శుభ్రం చేసి, పళ్ళ వాషరు వేసి గట్టిగా బిగించాలి. బిగించిన తర్వాతే పైన కాస్త వ్యాజిలిన్ పూయాలి. టింకరింగ్, పెయింటింగ్ చేయించి తెచ్చిన బండికి కొత్తగా ఈ జబ్బు వస్తే ముందు చూడాల్సింది కూడా ఈ స్క్రూనే. కొత్త రంగు మీదే ఎర్త్ బిగించేసి ఉంటారు. రంగు కరెంటును పోనివ్వదు.

“ఒక్కోసారి”

అప్పుడప్పుడూ వచ్చే జబ్బు అంటేనే అతుకు జబ్బు. పోయిన భాగం మళ్ళీ దానంతట అది బాగుపడదు. ఒక్క మినహాయింపు: తెగిన ఫిలమెంటు కొనలు గతుకుల్లో ఊగి ఒకదానికొకటి అంటుకుని కాసేపు వెలగొచ్చు. ఇండికేటర్ వేసి ఉంచి, డ్యాష్‌బోర్డు కింద కప్లర్లను ఒక్కొక్కటిగా వేలితో కదిపి చూడండి. ఎక్కడ కదిపితే వెలిగిందో అక్కడే ఆగండి.

“హజార్డ్ నొక్కితే మాత్రం రెండూ కొడతాయి”

ఇంత విలువైన సాక్ష్యం ఇంకోటి దొరకదు. హజార్డ్‌కు కరెంటు ఇగ్నిషన్ తాళం దాటకుండా, బ్యాటరీ నుంచి వేరే ఫ్యూజు గుండా వస్తుంది. తాళం తీసినా అది పనిచేయాలి కదా. అయితే చాలా బళ్ళలో రెంటికీ ఫ్లాషర్ ఒక్కటే. కాబట్టి రెండు పక్కలా కొట్టాయంటే ఫ్లాషర్ బాగున్నట్టు, బల్బులూ వాటి వైర్లూ బాగోకపోయినా బతికున్నట్టు. మిగిలిన అనుమానితులు ముగ్గురే: ఇండికేటర్ ఫ్యూజు, హజార్డ్ స్విచ్, కాంబినేషన్ స్విచ్.

ఫ్యూజు సంగతి తేలిక. ఇండికేటర్‌తో పాటు అదే ఫ్యూజు మీదున్న ఇంకేదైనా, వైపరో పెట్రోలు ముల్లో, చచ్చిందేమో చూడండి. చస్తే ఫ్యూజే. పోయిన ఫ్యూజు చోట అదే ఆంపియర్లది వేయాలి. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, వైరు పోగు కట్టడం మన రోడ్ల మీద ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఫ్యూజు కాలకపోతే వైరింగే కాలుతుంది. కొత్త ఫ్యూజూ వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది. డిక్కీ మూత మడిచే చోట నలిగిన వైర్లు, ఎలుకలు కొరికినవి, రివర్స్ హారనో స్టీరియోనో బిగించినప్పుడు మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు మొదట చూడండి.

మన యజమాని మాత్రం “ఒక్కోసారి” అన్నాడు. ఫ్యూజు ఒక్కోసారి పోయి ఒక్కోసారి రాదు. నా అనుమానం నేరుగా హజార్డ్ స్విచ్ మీదికి పోతుంది. హజార్డ్ ఆపి ఉన్నప్పుడు మామూలు ఇండికేటర్ల కరెంటు ఆ స్విచ్ లోపలి ఒక కాంటాక్టు గుండానే నడవాలి. ఆ మీటను ఏడాదికోసారి కూడా నొక్కని బళ్ళున్నాయి. కదలని కాంటాక్టు మీద చిలుము పొర పేరుకుంటుంది. ఇగ్నిషన్ ఆపి, హజార్డ్ మీటను ఇరవై ముప్ఫై సార్లు గబగబా నొక్కి వదలండి. ఆ రాపిడికే పొర ఊడి ఇండికేటర్లు తిరిగి వచ్చిన బళ్ళు ఎన్నో. వచ్చిందంటే జబ్బు ఎక్కడుందో తేలింది. మళ్ళీ పోతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి, లేదా స్విచ్ మార్చాలి. కాంబినేషన్ స్విచ్‌కు వెళ్ళడం చిట్టచివర. దాన్ని తీయాలంటే స్టీరింగ్ చక్రం ఊడదీయాలి.

హజార్డ్ మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. నాలుగు రోడ్ల కూడలిలో నేరుగా వెళ్ళడానికి హజార్డ్ వేసేవాళ్ళు మన ఊళ్ళలో కోకొల్లలు. పక్కనుంచి వచ్చేవాడికి నాలుగు దీపాల్లో ఒక పక్కవే కనిపిస్తాయి, మీరు అటు తిరుగుతున్నారనుకుంటాడు. నేరుగా వెళ్ళడానికి ఏ దీపమూ అక్కర్లేదు. హజార్డ్ ఉన్నది ఆగిపోయిన బండి కోసం.

“ఫ్లాషర్ మార్పించా”

ఫ్లాషర్ నిజంగా చెడే సందర్భాలు ఉన్నాయి. రెండు పక్కలా, హజార్డ్‌లో కూడా, దీపాలు వెలిగి అలాగే ఉండిపోవడం ఒకటి. ఏ పక్కకూ హజార్డ్‌కూ చప్పుడు కూడా లేకపోవడం ఇంకోటి. నిర్ధారణకు సులువైన పద్ధతి ఉంది. ఫ్లాషర్‌ను దాని సాకెట్ నుంచి లాగి, కరెంటు వచ్చే పిన్నుకూ దీపాలకు పోయే పిన్నుకూ మధ్య వైరు ముక్క పెట్టి కాడ వేయండి. ఈ పిన్నుల మీద సాధారణంగా బి, ఎల్ అని ఉంటుంది, కొన్నిటి మీద 49, 49ఏ అని. దీపాలు కొట్టకుండా నిలకడగా వెలిగితే దారంతా బాగుంది, పోయింది ఫ్లాషరే. మూడో పిన్ను ఉంటే అది ఎర్త్. అది తెగినా ఫ్లాషర్ చచ్చినట్టే నటిస్తుంది కాబట్టి దాన్నీ చూడాలి. వైరు ముక్క పెట్టినా దీపాలు వెలగకపోతే కొత్త ఫ్లాషర్ కొన్నా ఒరిగేదేమీ లేదు.

అంబాసిడర్ లాంటి ఇంకా పాత బళ్ళలో వేడితో పనిచేసే ఫ్లాషర్ ఉండేది. బల్బుల కరెంటే దాన్ని వేడెక్కిస్తుంది. అందువల్ల లక్షణం తలకిందులవుతుంది: బల్బు పోతే వేడి చాలక కొట్టడం మందగిస్తుంది, లేదా ఆగిపోతుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా అంతే. ఆ బళ్ళ వారసత్వం ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడి రంగుల పద్ధతిలో ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఎడమ ఇండికేటర్‌ది, ఆకుపచ్చ మీద తెల్ల గీత కుడిది. ఎన్ని చేతులు మారిందో తెలియని బండిలో రంగును పూర్తిగా నమ్మకుండా టెస్ట్ ల్యాంపుతో సరిచూసుకోవాలి.

ఎల్ఈడీ బల్బులు వేయించాక టకటక మొదలయిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అవి లాగే కరెంటు చాలా తక్కువ, బల్బు పోయిందని ఫ్లాషర్ అనుకుంటుంది. దీనికి దుకాణాల్లో 6 ఓముల, 50 వాట్ల రెసిస్టర్ కడతారు. అది వెలిగినంతసేపూ 24 వాట్లు వేడిగా మారుస్తుంది. ప్లాస్టిక్ పక్కన కట్టారంటే కరిగిపోతుంది, ఇనుము మీదే బిగించాలి. ఎల్ఈడీకి తగిన ఫ్లాషర్ వేయడం మేలు. కానీ దానికి కరెంటు లెక్కతో పని లేదు కాబట్టి దీపం పోయినా చెప్పదు. నన్నడిగితే పాత బండికి పాత 21 వాట్ల బల్బే సరి. చవక, పోతే వినబడుతుంది.

“అయినా అంతే”

ఒక ఫిర్యాదు అనుకుని తెచ్చినది మూడు ఫిర్యాదులు. ఎడమ ముందు హోల్డర్లో చిలుము, కుడి వెనక ఎర్త్ స్క్రూ కింద తుప్పు, హజార్డ్ స్విచ్‌లో కదలని కాంటాక్టు. మూడిటికీ ఒకే మందు ఉంటుందనుకోవడం వల్ల ఫ్లాషర్ మారింది. పని అయ్యాక బండి తీసుకునే ముందు యజమాని చేయాల్సిన పరీక్ష ఇది: ఇంజన్ ఐడిల్లో ఉంచి, హెడ్‌లైట్లు వేసి, బ్రేకు తొక్కి పట్టుకుని, ఎడమ, కుడి, హజార్డ్ వరసగా వేయాలి. ఇంకొకరు వెనక నిలబడి చూడాలి. అన్ని భారాలూ ఒకేసారి పడినప్పుడు కూడా ఆంబర్ దీపం మసకబారకుండా, ఎర్ర దీపాలు దానితో ఊగకుండా, పదిహేను సెకన్లకు పదిహేను నుంచి ముప్ఫై మధ్య కొడితేనే డబ్బులివ్వాలి.

రిపేరుకు వెళ్ళేదాకా బండి నడపక తప్పకపోతే కుడి చెయ్యి ఉంది. కుడికి తిరగాలంటే అరచెయ్యి ముందుకు ఉండేలా చేతిని కిటికీ బయటికి అడ్డంగా చాపాలి. ఎడమకు అయితే అదే చేతిని గడియారానికి ఎదురు దిశలో గుండ్రంగా తిప్పాలి. చీకటి పడితే ఆ చెయ్యీ కనిపించదు, కాబట్టి పొద్దుండగానే ఎలక్ట్రీషియన్ దగ్గరికి చేరుకోవాలి.